వదిలేసిన పదకొండు

ఈశ్వరరావుకు ఐఐటీ ప్రవేశ పరీక్షలో రెండువందల పన్నెండో ర్యాంకు వచ్చి పాతికేళ్లయింది. ఆ సంగతి తెలియని తెలుగువాడు సింగపూర్‌లోని టాంపినీస్ మొత్తంలో లేడు. పక్క బ్లాకులోకి కొత్తగా దిగినవాళ్లు చింతపండు అడగడానికి తలుపు తట్టినా, చింతపండు చేతికందే లోపల ర్యాంకు చెవిన పడి తీరుతుంది. బ్యాంకులో ఆయన చేసే ఉద్యోగానికి ఆ ర్యాంకు ఏ మూలకు పనికొస్తుందో ఎవరూ అడగరు. అడిగితే ఇంకో గంట కూర్చోవాలి.

సత్యవాణికి ఆ మనిషి పేరు వింటేనే ఒళ్లు మండేది. తణుకులో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరుగా ఇరవై రెండేళ్లు చేసిన మనిషి ఆమె. ర్యాంకులంటే ఆమెకు గొప్పేమీ కాదు, పిల్లల చేత తెప్పించడమే ఆమె పని. భర్త సీతారామారావుకు ఇక్కడ ఉద్యోగం రావడంతో నాలుగేళ్ల కిందట సుద్దముక్క కింద పెట్టి వచ్చేసింది. భార్యగా ఆమెకిచ్చిన పాసు మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అప్పటినుంచి వంటింటి కిటికీలోంచి ఫీడర్ బస్సులను చూడటం, ఊళ్లోవాళ్ల పిల్లలకు లెక్కలు చెబుతున్న ట్యూషన్ సెంటర్లను తిట్టుకోవడం, ఈ రెండే ఆమె వ్యాపకాలు. చెప్పుకోవడానికి ఒక్క విద్యార్థి లేడు. కోపం మాత్రం కావలసినంత ఉంది.

అందుకే జనవరిలో ఒక ఆదివారం పొద్దున ఈశ్వరరావు భార్యను వెంటబెట్టుకుని వచ్చి, "మేడమ్, మా నిఖిలకు మ్యాథ్స్ మీరే చెప్పాలె" అన్నప్పుడు ఆమె ముక్కు విరిచింది గానీ కాదనలేదు. చెవుల్లో మాత్రం పాత కాలేజీ గంట గణగణమంది.

నిఖిల ఆయన ఒక్కగానొక్క కూతురు. పదహారేళ్లు. బడికి పోదు, ఇంట్లోనే చదువు. "ఇక్కడి స్కూళ్లు మా పిల్ల స్పీడుకు సరిపోవు" అని ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు. అసలు సంగతి ఆయన భార్య సుభద్ర ఒకసారి కూరగాయల దుకాణం దగ్గర నోరు జారి చెప్పేసింది. మూడేళ్ల కిందట వాళ్లు వచ్చిన కొత్తలో ఇక్కడి బడుల ప్రవేశ పరీక్ష రాయిస్తే పిల్లకు సీటు రాలేదు. రెండోసారి రాయించడానికి రెండువందల పన్నెండో ర్యాంకుకు నామోషీ అడ్డొచ్చింది. సీటు రానిదానికి హోమ్‌స్కూలింగ్ అని పేరు పెట్టి, హాల్లో గోడనిండా తెల్లబోర్డు బిగించి, దాని మీద ఉదయం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిది వరకూ గళ్లు గీశాడు. ఒక గడిలో 'నవ్వు, విశ్రాంతి: పదిహేను నిమిషాలు' అని కూడా ఉంది. అది చూసినరోజు సత్యవాణి ఇంటికొచ్చి ఏకధాటిగా నవ్వింది.

ఇప్పుడు ఆయన నెత్తికెక్కించుకున్నది అమెరికా వాళ్ల పరీక్ష. కాలేజీ మొదటి ఏడాదిలో చదవాల్సిన ఆల్జీబ్రాను ముందే పరీక్ష రాసి గట్టెక్కితే, ఆ క్రెడిట్లు రేపు కాలేజీలో లెక్కకొస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. అరవై ప్రశ్నలు, తొంభై నిమిషాలు, ఒక్కో ప్రశ్నకు కింద ఐదు జవాబులు. స్కోరు ఇరవై నుంచి ఎనభై దాకా వేస్తారు, యాభై రావాలి.

"మార్చి ఎండింగ్‌ల ఎగ్జామ్, మేడమ్. యాభై వస్తే ఇక్కడ్నే ఉంచి ఇట్లనే ఒక్కొక్క పేపరూ రాయిస్త. రాలేదనుకోండి, జూన్‌ల హైదరాబాద్ పంపిస్త. రెసిడెన్షియల్ క్యాంపస్, రెండేండ్లు. నేను గట్లనే చదివిన. నాకేమైంది?"

ఏమైందో ఎదురుగా సోఫాలో కనబడుతూనే ఉందని సత్యవాణి మనసులో అనుకుంది. పైకి మాత్రం, "రేపట్నుంచి నాలుగింటికి వస్తాను. పిల్లని పెన్సిలు చెక్కుకుని కూర్చోమనండి" అంది.

"మీకు ట్రబుల్ ఇస్తున్నం అక్కా" అని సుభద్ర అంది. ఆమె ఆ ఇంట్లో మాట్లాడే మాటలు ఇంచుమించు అంతే.

మూడో రోజు పాఠం అయ్యాక నిఖిల లిఫ్టు దాకా వెంట వచ్చింది. సన్నగా, పొడుగ్గా, భుజాలు ముందుకు వంచుకుని నడిచే పిల్ల. బటన్ నొక్కి, తల్లిదండ్రులకు వినబడదని రూఢి చేసుకున్నాక నోరు విప్పింది.

"ఆంటీ, మా కజిన్ కీర్తిక అక్క ఆ క్యాంపస్‌లోనే ఉంది. సండే టెన్ మినిట్స్ ఫోన్. ముందు నాన్‌స్టాప్‌గా మాట్లాడేది, యూ నో. ఇప్పుడు 'బాగున్నా' అంటది, తర్వాత సైలెంట్. టెన్ మినిట్స్ అయ్యేదాకా సైలెంట్. ఐ డోంట్ వాంట్ టు గో, ఆంటీ. ప్లీజ్."

అలాంటి క్యాంపస్‌ల నుంచి సెలవులకు వచ్చి, తల్లి వడ్డించిన కంచం ముందు కూడా గడియారం చూసుకునే పిల్లల్ని సత్యవాణి తణుకులో చాలామందిని చూసింది.

"పిచ్చిపిల్లా! నేనుండగా నిన్నెవరు పంపిస్తారే? ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. ఈ అమెరికా పరీక్ష నాకొక లెక్కా?" అంది. ఆ మాట అన్నందుకు లిఫ్టు దిగేదాకా ఆమెకు తన మీద తనకే ముచ్చటేసింది.

పరీక్ష గురించి ఈశ్వరరావు ఒక పుస్తకం ఇచ్చాడు. నున్నటి కాగితం, అట్ట మీద పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుర్రాళ్ల బొమ్మ. లెక్కల పుస్తకం మీద నవ్వులేమిటని సత్యవాణి దాన్ని అటూ ఇటూ తిప్పి, సుభద్ర తెచ్చిన చాయ్ గ్లాసు దాని మీద పెట్టుకుంది. మొదటి పేజీ కూడా తిప్పలేదు. రోజూ వచ్చే చాయ్ రోజూ దానిమీదే దిగేది. వారం తిరిగేసరికి ఆ నవ్వు మొహాల మీద గోధుమరంగు సున్నాలు ముద్రపడ్డాయి.

పాఠం మాత్రం ఆమె బ్రహ్మాండంగా చెప్పేది. ఆ మాట ఒప్పుకోవాలి. ఫంక్షనంటే భయపడే పిల్లకు వారంలో ఫంక్షన్లు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. లాగరిథమ్‌లను బట్టీ పట్టడం మాన్పించింది. తెర మీద క్యాలిక్యులేటర్ వస్తుందని నిఖిల చెబితే, "వేళ్లు అరిగిపోయాయా? పదమూడు పదిహేడులు ఎంతో దానికి కూడా తెరే కావాలా?" అని ఎగతాళి చేసి, ఎక్కాలు ఇరవై దాకా అప్పజెప్పించుకుంది. పిల్ల నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు తెల్లబోర్డు మీది పదిహేను నిమిషాల గడిలో పడకపోవడం చూసి సత్యవాణికి మరీ సంతోషమైంది.

నెల తిరిగాక మాక్ టెస్టులు మొదలుపెట్టింది. ప్రశ్నలు ఆమెవే, సంచిలో పెట్టుకుని తణుకు నుంచి తెచ్చుకున్న పాత కాగితాల నుంచి తీసినవి. పద్ధతి కూడా అక్కడిదే. ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టాలి. రూఢిగా తెలిస్తే టిక్కు, అనుమానముంటే గుండ్రం, తెలియకపోతే అడ్డగీత. టిక్కులు పెట్టిన వాటికే జవాబు గుర్తించాలి. గుండ్రం జోలికి వెళ్లకూడదు. వెళ్లి తప్పు చేస్తే నాలుగు తప్పులకు ఒక మార్కు ఎర్రసిరాతో కోత. తణుకులో ఆమె చేతికింద చదివిన పిల్లలు ఈ కోత తలచుకుని నిద్రలో కలవరించేవారని చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఆమెకు బిరుదులా ఉండేది.

మొదటి టెస్టులో నిఖిలకు నలభై ఒకటి ఒప్పు, పన్నెండు తప్పు. ఏడు వదిలేసింది. సత్యవాణి పన్నెండుకు మూడు కోసి, పైన ముప్పై ఎనిమిది అని పెద్దగా వేసి, కింద రెండు గీతలు గీసింది.

నిఖిల గ్లాసు పక్కకు జరిపి పుస్తకం అందుకుని, మాట చివర సింగపూర్ పిల్లల 'లా' తగిలించి అంది.

"బట్ ఆంటీ, ఇందులో మైనస్ మార్క్స్ లేవు లా. ఇక్కడ రాశాడు. రాంగ్ అయితే ఏం కట్ చెయ్యరు. ఆల్ మస్ట్ ఆన్సర్, అంతే."

సత్యవాణి పుస్తకం వంక చూడను కూడా చూడలేదు. కళ్లజోడు మీదుగా పిల్లని చూసింది.

"ఏమ్మా, గుడ్డిగా బాణాలేస్తే మార్కులిచ్చే పరీక్ష ఈ భూమ్మీద ఎక్కడుంది? రంగుల పుస్తకాల వాళ్లు అమ్ముకోవడానికి వంద రాస్తారు. పెద్ద పరీక్ష ఏదైనా సరే, లోపల కోత ఉండి తీరుతుంది. చెప్పరు, కోస్తారు. నాలుగు వేల మంది పిల్లల్ని చూశాన్నేను."

సోఫాలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న ఈశ్వరరావు తల ఎత్తకుండానే అందుకున్నాడు. "కరెక్ట్ మేడమ్. మా కోచింగ్‌ల ఫస్ట్ డే చెప్పిన మాటే అది. డౌట్ ఉంటే ముట్టొద్దు. నేను ఫైనల్ పేపర్ల తొమ్మిది వదిలేసిన. అందుకే టూ ట్వెల్వ్ వచ్చింది. అన్నీ గెలికినోడు ఏడ వడ్డడు? అడ్రసు లేకుండ పోయిండు."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక సత్యవాణికి ఆయన మాట్లాడిన మాటల్లో నచ్చింది అదొక్కటే. పోనీలే, ఈ మనిషికి కూడా కాస్త జ్ఞానముంది అనుకుంది. ఇద్దరు పెద్దవాళ్లూ కలిసి ఒకే మాట చెప్పాక నిఖిల పుస్తకం మూసి యథాస్థానంలో పెట్టింది. సత్యవాణి గ్లాసు దాని మీదికి మళ్లీ చేరింది.

ఆ తర్వాత ఆ పిల్ల ఆ ఊసే ఎత్తలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఏడో టెస్టుకల్లా తప్పులు రెండుకు దిగాయి. వదిలేసినవి మాత్రం పద్నాలుగుకు చేరాయి. గుండ్రాలు చుట్టడంలో చేయి తిరిగిపోయింది. లెక్క చేసి, జవాబు వచ్చి, అది కింద కనబడుతున్నా సరే, ఒకసారి ఎర్రసిరా బాటిల్ వంక చూసి గుండ్రం చుట్టేసేది. "జాగ్రత్త వచ్చిందండీ పిల్లకి" అని సత్యవాణి భర్త దగ్గర మురిసిపోయింది. సీతారామారావు టీవీ వంక చూస్తూ, "ఆ పరీక్షలో కోత ఉందా?" అని అడిగాడు. "మీకేం తెలుసు, మీరు కామర్స్" అని ఆమె ఆయన నోరు మూయించింది.

మార్చి చివరి శనివారం పరీక్ష. పరీక్షా కేంద్రం సిటీ వైపు ఒక అంతర్జాతీయ బడిలో. ఈశ్వరరావుకు ఆఫీసు పని పడింది. సత్యవాణీ సుభద్రా పిల్లని లోపలికి పంపి, ఎదురుగా ఉన్న హాకర్ సెంటర్‌లో, చవక తిండి దుకాణాల హాల్లో, కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ కాబోతోంది. సుభద్ర బల్ల మీద మూడో కుర్చీ ముందు ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి నిఖిలకు చోటు ఆపింది. టిష్యూ ప్యాకెట్‌తో కుర్చీ సొంతమైపోవడమేమిటో, దాన్ని ఊరంతా గౌరవించడమేమిటో సత్యవాణికి నాలుగేళ్లయినా అర్థం కాలేదు. తణుకులో అయితే ప్యాకెట్టుతో ముక్కు తుడుచుకుని మరీ కూర్చునేవారని అంది. సుభద్ర నవ్వలేదు. డబ్బాలో తెచ్చిన సర్వపిండి ముక్క తీసి చేతిలో పెట్టి, "అక్కా, అయితదా?" అని అడిగింది.

"అవ్వకేం? నా పద్ధతి తెలిసిన పిల్లకి పరీక్ష పోయిన చరిత్ర లేదు."

పన్నెండున్నరకు నిఖిల రోడ్డు దాటుతూ కనబడింది. సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగినా ఒక్క క్షణం అక్కడే నిలబడింది. అప్పుడే సత్యవాణి చేతిలోని సర్వపిండి ముక్కను తిరిగి డబ్బాలో పెట్టేసింది.

పిల్ల వచ్చి టిష్యూ ప్యాకెట్ పక్కకు తోసి కూర్చుంది. పరీక్ష అవ్వగానే అక్కడే ఇచ్చిన కాగితం, మడత పెట్టినది, తీసి బల్ల మీద పెట్టింది. స్కోరు నలభై ఏడు.

సుభద్ర కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. సత్యవాణి కాగితం విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పింది. "ఎన్ని తప్పులు చేశావే?" అని అడిగింది. గొంతులో లెక్చరరు ఇంకా దిగలేదు.

"తెల్వదు ఆంటీ. బట్ పదకొండు వదిలేశా. సర్కిల్స్."

"తెలియనివి కదా, పోనీ..."

"తెలియనివి కాదు." నిఖిల గొంతు ఏ మాత్రం పెరగలేదు. "రెండు మాత్రమే తెల్వదు. మిగతా నైన్‌లో టూ ఆప్షన్స్ దాకా తెచ్చా. ఒకటి మీరు చెప్పిందే, టూ ఎక్స్ మైనస్ త్రీ మోడ్, లెస్ దేన్ సెవెన్. మైనస్ టూ నుంచి ఫైవ్ వచ్చింది. కింద అదే ఉంది. ఎండ్స్ కలుస్తాయా కలవవా అని చిన్న డౌట్. సో సర్కిల్."

మైనస్ రెండు నుంచి ఐదు. చివర్లు కలవవు. పిల్లకు వచ్చింది సరైన జవాబే.

"స్టార్టింగ్‌లో స్క్రీన్ మీద వచ్చింది ఆంటీ, రాంగ్ ఆన్సర్‌కి ఏమీ కట్ చెయ్యం అని. చదివా. రెండుసార్లు చదివా. లాస్ట్‌లో మళ్లీ అడిగింది, పదకొండు ఖాళీగా ఉన్నాయి, ష్యూర్‌గా ముగించాలా అని. ఫోర్ మినిట్స్ ఉంది. ఐ కుడ్ హావ్ జస్ట్ క్లిక్డ్. చెయ్యి రాలేదు. చెప్పరు, కోస్తారు, అన్నారు కదా మీరు."

చుట్టూ గిన్నెల చప్పుడు, ట్రేల చప్పుడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో సత్యవాణికి ఎప్పుడూ ఇంత సిగ్గేయలేదు. అయినా పాడు అహంకారం అంత సులువుగా చస్తుందా? "సరే పద, ఇంటికెళ్లి మాట్లాడదాం" అంది, ఏదో పిల్ల తప్పు చేసి దొరికిపోయినట్టు. రైల్లో సుభద్ర కూతురి చేయి పట్టుకుని కూర్చుంది. సత్యవాణి నిలబడే వచ్చింది, ఖాళీ సీట్లు ఉన్నా.

ఇంటికి వెళ్లి అన్నం కూడా తినలేదు. సీతారామారావు అడిగితే తలనొప్పి అంది. ఎవరికి చెప్పాలి? చెప్పకపోతే ఏమవుతుంది? ఈశ్వరరావు ఆ పుస్తకం చచ్చినా చదవడు, చదవాల్సిన అవసరం ర్యాంకర్లకు ఉండదు. పిల్ల చెప్పదు, చెప్పేదైతే రైల్లోనే తల్లికి చెప్పి ఉండేది. ఊళ్లో అందరూ పాపం ఆ పిల్లకు బుర్ర తక్కువ, లేకపోతే సత్యవాణి గారి దగ్గర చదివి పోతుందా అంటారు. ఆ మాట అనుకోగానే ఆమెకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి మీద వెంటనే అసహ్యం కూడా వేసింది. ఐదు గంటలకు చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ఈశ్వరరావు తలుపు తీసింది ఒక చేత్తో, రెండో చేతిలో లాప్‌టాప్. తెర మీద విమానం టికెట్ల పేజీ తెరిచి ఉంది.

"రండి మేడమ్. చూసిండ్రా నలభై ఏడు? నలభై ఏడట! నా కూతురికి! నా బ్లడ్ ఎక్కడ్కి పోయిందో అర్థమైతలేదు. మీరు చెప్పంగ కూడ రాలేదంటే ఇగ ఈ పిల్లకు ఇంట్ల చదువు ఎక్కదు. జూన్ థర్డ్‌కు ఫ్లైట్ చూస్తున్న."

నిఖిల డైనింగ్ టేబుల్ దగ్గర, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. తండ్రి వంక చూడటం లేదు. సత్యవాణి వంక చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఈవిడ ఇప్పుడేం చేస్తుందో చూద్దామన్న చూపు అది.

"టికెట్ ఆపండి ఈశ్వరరావు గారూ" అంది సత్యవాణి. "పిల్ల తప్పు కాదు. నాది."

"అట్లంటరేంది మేడమ్, మీ పెద్ద మనసుతోని..."

"పెద్ద మనసూ లేదు, పాడూ లేదు. వినండి. ఆ పరీక్షలో కోత లేదు. తప్పు రాస్తే మార్కు పోదు. పుస్తకంలో ఉంది. పిల్ల నాకు వేలు పెట్టి చూపించింది, నేను చదవలేదు. చాయ్ గ్లాసు పెట్టుకున్నాను దానిమీద. రెండు నెలలు కూర్చోబెట్టి, వచ్చిన లెక్కలు కూడా వదిలేయడం నేర్పాను. పదకొండు వదిలేసి వచ్చింది."

ఈశ్వరరావు మొహంలో ముందు అయోమయం, తర్వాత మెల్లగా ఒక నవ్వు. సత్యవాణి ఆ నవ్వు కోసమే భయపడింది.

"అంటే ట్వంటీ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియెన్సు పెట్టుకుని ఇన్‌స్ట్రక్షన్స్ చదవలేదా మేడమ్?" అన్నాడు. "ఎల్‌కేజీ పిల్లలకు చెప్తం గద, ఫస్ట్ ఇన్‌స్ట్రక్షన్స్ చదువుండ్రి అని!"

"చదవలేదు. మీరు చదివారా?" సత్యవాణికి అణచుకున్నదంతా పైకొచ్చింది. "పుస్తకం కొన్నది మీరు. ఆ సోఫాలో కూర్చుని, తల కూడా ఎత్తకుండా, డౌట్ ఉంటే ముట్టొద్దు, నేను తొమ్మిది వదిలేశాను అన్నది మీరు. పిల్ల ఒక్కతే చదివింది ఈ ఇంట్లో. చదివినదానికి పిల్ల హైదరాబాదు పోవాలి, చదవని మనమిద్దరం ఇక్కడే దర్జాగా కూర్చోవాలి, అంతేనా?"

ఆయన నవ్వు ఆగింది. "గయన్నీ ఎందుకిప్పుడు? నలభై ఏడు నలభై ఏడే."

"మార్కరు తీసుకోండి. మీరు ర్యాంకరు కదా, లెక్క మీరే వేయండి. పదకొండులో తొమ్మిదింటికి రెండేసి జవాబుల దాకా తెచ్చింది. గుడ్డిగా ఏదో ఒకటి నొక్కినా ఎన్ని తగులుతాయి?"

ఎంతైనా ర్యాంకరే. లెక్క అడిగితే చేయి ఊరుకోదు. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, బోర్డు మీద ఐదున్నర నిద్రలేవడం గడిని తుడిచి, తొమ్మిది రాసి, సగం చేసి, నాలుగున్నర అని వేశాడు. కింద మిగిలిన రెండింటికి ఐదో వంతు చొప్పున కలిపాడు, ఇంచుమించు ఐదు తేలింది. కలిపాక మార్కరు మూత పెట్టకుండా అలాగే నిలబడ్డాడు. నలభై ఏడుకూ యాభైకీ మధ్య ఉన్న దూరం కంటే ఆ అంకె పెద్దదిగానే కనబడుతోంది. దాన్ని కాదనాలంటే ఆయన తన గణితాన్నే కాదనాలి.

"మూడు నెలలు ఆగితే మళ్లీ రాయనిస్తారు" అని నిఖిల మొదటిసారి మాట్లాడింది. "అది కూడా బుక్‌లో ఉంది, నాన్నా."

"జూన్ ఎండింగ్ అయితది. క్యాంపస్ బ్యాచ్ జూన్ ఫస్ట్ వీక్‌ల స్టార్ట్. సీటు పోతది. నేను ఆలోచించి..."

సుభద్ర వంటింట్లోంచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, డైనింగ్ టేబుల్ మీది లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, టికెట్ల పేజీ ఉండగానే మూత వేసింది. ఆ చప్పుడుకు ఈశ్వరరావు వెనక్కి తిరిగాడు.

"ఆలోచించుడు ఏం లేదు" అంది సుభద్ర. "అప్పుడు సీటు రాకుంటే మల్ల రాయిద్దామన్న. నువ్వు ఇజ్జత్ పోతదన్నవ్. మూడేండ్లు ఇంట్ల పెట్టినవ్, నేనేమన్లే. ఈసారి మల్ల రాస్తది. రాసేదాక నా బిడ్డ యాడికీ పోదు."

ఆ ఇంట్లో అన్ని మాటలు ఆమె ఒక్కసారి మాట్లాడటం సత్యవాణి ఎప్పుడూ వినలేదు. ఈశ్వరరావు కూడా విన్నట్టు లేదు. మార్కరుకు మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి పెట్టగలిగాడు. "సరే, జూన్ దాక చూద్దాం" అన్నాడు గోడ వైపు తిరిగి.

మర్నాడు ఆదివారం. రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా నాలుగింటికి సత్యవాణి వెళ్లింది. సంచిలో తణుకు కాగితాలు లేవు, ఎర్రసిరా బాటిల్ కూడా లేదు. ఈశ్వరరావు నడకకని చెప్పి ఆమె రాకముందే బయటపడ్డాడు. సుభద్ర చాయ్ తెచ్చి, ఈసారి గ్లాసు కింద ఒక స్టీలు పళ్లెం పెట్టింది.

నిఖిల ఎదురుగా కూర్చుంది. నిన్న తన పక్షాన మాట్లాడినందుకు పిల్ల కాస్త మెత్తబడి ఉంటుందని, ఒక థాంక్యూ అయినా అంటుందని సత్యవాణి ఆశపడింది. నిఖిల మొహంలో అలాంటిదేమీ లేదు. మరకల అట్ట పుస్తకం తీసి, మూడో పేజీ తెరిచి, ఆమె వైపు తిప్పి, బల్ల మీద ముందుకు జరిపింది.

"చదవండి ఆంటీ. పైకి."

"ఎందుకే ఇప్పుడు? తెలిసిందిగా..."

నిఖిల లేని కళ్లజోడు మీదుగా చూసినట్టు ఆమెను చూసింది. రెండు నెలలుగా సత్యవాణి ఆ పిల్లను చూసిన చూపే అది. గొంతు కూడా అదే.

"నాలుగు వేల మంది పిల్లల్ని చూశారు కదా. ఒక్క పేజీ చదవండి."

సత్యవాణికి చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోవచ్చు. తణుకులో ఏ పిల్లయినా ఇలా మాట్లాడి ఉంటే తలుపు బయట నిలబెట్టేది. కానీ జూన్ చివర ఆ తెర ముందు కూర్చోబోయేది ఈ పిల్ల. అప్పుడు చెవిలో ఎవరి మాట వినబడాలో ఈ బల్ల దగ్గరే తేలాలి. ఆమె సంచిలోంచి కళ్లజోడు తీసి తగిలించుకుంది. ఇంగ్లీషు వాక్యాలను ఒక్కొక్కటే, ఒకటో తరగతి పిల్లలా వేలు పెట్టి, పైకి చదవసాగింది. ప్రశ్నలు ఎన్ని, సమయమెంత, క్యాలిక్యులేటర్ ఎక్కడుంటుంది, అన్నీ అయ్యాయి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించబడవు, అందువల్ల ప్రతి ప్రశ్నకూ జవాబు గుర్తించండి అన్న వాక్యం వచ్చింది. ఆమె గబగబా చదివి ముందుకు పోబోయింది.

నిఖిల పెన్సిల్ మొనతో ఆ వాక్యం మీద తట్టింది.

"మళ్లీ" అంది.

సత్యవాణి మళ్లీ చదివింది.